మార్లవాయిలో మన మొదటి చదువు

1940లో కుమ్రం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాకే నిజాం సర్కారు మన గూడేల వైపు చూసింది. సర్కారు పంపిన పరిశోధకుడు హైమన్‌డార్ఫ్, భార్య బెట్టీతో కలిసి జైనూరు దగ్గరి మార్లవాయిలో మకాం పెట్టారు. 1943లో అక్కడే గోండు యువకులకు పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. వేరే గూడేల నుంచి వచ్చినవాళ్లు అక్కడే ఉండి చదువుకున్నారు, తర్వాత మన పిల్లలకే పంతుళ్లయ్యారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వాళ్ల వాచకాలు గోండిలోనే ఉండేవి! లిపి మాత్రం దేవనాగరి. అప్పట్లో మనవాళ్లకు మరాఠీ అలవాటు. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో చేరిన పిల్లలకు పాఠం తెలుగులోనో ఇంగ్లీషులోనో. గోండి హాస్టల్ గదిలో ముచ్చట్లకే మిగిలింది. ఇది నాకు మింగుడుపడదు. ఆ పాత వాచకం ఏ తాతగారి పెట్టెలోనైనా ఉంటే సంఘానికి చూపించండి.