ఇప్పచెట్టు కింద ఒక పాత మాట

ఎండలు ముదిరే వేళ ఏన్కూరు అడవి అంచున తెల్లారకముందే ఇప్పపూలు రాలతాయి. లేత పసుపు రంగు, గుజ్జు నిండిన రేకులు, వేళ్లకు అంటుకునే తీపి. ఏరినవాళ్లు గంపలకెత్తుకుపోయి వాకిట్లో ఎండబోస్తారు. 'ఇప్ప' ద్రావిడ మాట. తమిళంలో ఇలుప్పై, కన్నడంలో ఇప్పె. అదే చెట్టు సంస్కృతంలో మధూకం, హిందీలో మహువా. ఆ మధూకంలో ఉన్న 'మధు'కు చుట్టాలు ఖండాలు దాటి ఉన్నారు.

ఋగ్వేదంలో మధు. ఇరాన్ అవెస్తాలో ఒత్తు పోయి మదు. రెంటినీ పక్కపక్కన పెట్టి, ఇండో-ఇరానియన్ మూలభాషలో ఆ మాట *మధు అని భాషావేత్తలు తేల్చారు. ముందున్న చుక్క గుర్తుకు అర్థం, అది ఏ రాతలోనూ దొరకలేదనీ, పోలికలను బట్టి కట్టిన రూపమనీ. ఆ భాష మాట్లాడినవాళ్లు సుమారు 4,000 ఏళ్ల కిందట యూరేషియా గడ్డిమైదానాల్లో పశువులు కాసుకున్నారు.

పారశీకంలో ఆ మాట అరిగి అరిగి 'మై' అయింది, తేనె కాస్తా మద్యమైంది. హైదరాబాద్ గజళ్లలో వినిపించే మైఖానా ఆ ఇంటిదే. ఇంకా పాత చుట్టరికం చూస్తే గ్రీకులో మెథు, లిథువేనియన్‌లో మెదుస్. రష్యన్‌లో ఎలుగుబంటి పేరు మెద్వెద్, అంటే తేనె తినేది. ఇప్పపూల కోసం ఎలుగు వచ్చే ఊళ్లవాళ్లకు ఆ పేరు విప్పి చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఈ మాటకు దక్కిన మర్యాద వేరు. తేనె, పెరుగు, నెయ్యి కలిపి అతిథికిచ్చే మధుపర్కం గృహ్యసూత్రాల నాటి ఆచారం. పెళ్లికొడుకూ అతిథే కనుక అతనికీ ఇచ్చేవారు. దాంతోపాటు పెట్టే బట్టలకు తెలుగులో ఆ పేరే స్థిరపడింది. మధుపర్కాలు కట్టుకున్న జంటను చూసి తేనెను తలచుకునేవాళ్లు ఇప్పుడు తక్కువ. చక్కెర జబ్బు మధుమేహమైందీ ఈ తీపివల్లే.

అయినా పట్టు పిండితే వచ్చేది మనకు తేనె, చెట్టు మీద పూసేది ఇప్ప. వచ్చిన మాటకు పీట వేశాం, ఇంటి మాటను వదులుకోలేదు. పండితులు *మధును పోలికలతో కట్టాల్సి వచ్చింది, పలికేవాళ్లు లేరు కనుక. కోయ పెద్దల నోట చెట్ల పేర్లు, పూల పేర్లు ఈ రోజుకీ వినబడుతున్నాయి. వాటికి చుక్క గుర్తు పెట్టాల్సిన రోజు రాకముందే కూర్చుని అడగండి, రాసిపెట్టండి.