కంది ప్రాంతమున చిన్నరైతు నీటి ఆధారము

తెలంగాణపు సేద్య చరిత్రను వ్రాయబూనినవారు చెరువులతో ప్రారంభించుట పరిపాటి. రామప్ప, పాకాల వంటి తటాకములు, వానిని నిర్మింపజేసిన కాకతీయుల కాలపు ప్రభువులు, వారి శాసనములు మన విద్యార్థులకు చిరపరిచితములు. చెరువు నెవరు కట్టించిరను ప్రశ్నకు శాసనములలో సమాధానము దొరకును. ఆ నీరు ఎవరి పొలమున నిలిచెనను ప్రశ్నకు అంత సులభముగా దొరకదు. ఈ రెండవ ప్రశ్నను మేము సంగారెడ్డికిని పటాన్‌చెరువునకును నడుమనున్న కంది పరిసరములకు పరిమితము చేసి ఇచ్చట పరిశీలింపదలచితిమి.

కంది 2016లో మండల కేంద్రమైనది. హైదరాబాదు నుండి బొంబాయి పోవు రహదారి దానిని ఆనుకొని పోవును. ఊరిపేరునకు కందిపంటయే మూలమని చెప్పుటకు మేము సాహసింపము గాని, ఈ నేలల కథలో ఆ పంటకు గల ప్రాధాన్యము ముందు తెలియగలదు.

ఈ ప్రాంతపు రైతునకు చూపు మేరలో మంజీర కలదు. అయినను నది పల్లమున, పొలము మెట్టన. 1931లో పూర్తియైన నిజాంసాగరము దిగువనున్న నిజామాబాదు మాగాణిని తడిపినది. సంగారెడ్డి చెంతనున్న కలబ్‌గూరు ఆనకట్టతో 1965లో మొదలై, తరువాత సింగూరు జలాశయముతో విస్తరించిన పథకములు మంజీర నీటిని హైదరాబాదు నగరపు దాహము తీర్చుటకు కొనిపోయినవి. గొట్టములలో పోవు నీటికి దారిలోని చేనితో సంబంధము లేదు గదా!

మెట్టరైతునకు మిగిలినవి చెరువులు, కుంటలు, బావులు. చెరువు కట్టినవానికి, బాగుచేసినవానికి ఆయకట్టులో భాగమిచ్చు దశబంధమను ఏర్పాటు ఆంధ్రదేశమున చిరకాలము వర్ధిల్లినది. తూము తెరచి, మూసి, నీటిని వంతుల ప్రకారము పంచుటకు గ్రామమున నీరటికాడుండెను. మా దృష్టిలో కట్టకంటె ఈ ఏర్పాటే ముఖ్యమైనది. కట్ట తెగిన మరల కట్టవచ్చును. కట్టవలసిన బాధ్యత ఎవరిదో తెలియనినాడు ఎంత గట్టి చెరువైనను పూడిపోవును. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేరున 46,531 చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్నది. ఆ పూడికమట్టిని రైతులు తమ పొలములకు తోలుకొనుట చేనికిని చెరువునకును ఉపకారమైనది. కాని ఒకసారి పూడిక తీయుట వేరు, ఏటేట కట్టను కనిపెట్టియుండుట వేరు.

కడప మండలములోని పోరుమామిళ్ల చెరువు శాసనము (1369) మంచి తటాకమునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పినది. నీరు తక్కువయై భూమి ఎక్కువగుట, నీరెక్కువయై భూమి తక్కువగుట, రెండు రాజ్యముల పొలిమేరను ఉండుట ఆ దోషములలోనివి. నీరు నిండుగా నుండియు సేద్యమునకు పనికిరాకుండుట అను దోషమును పటాన్‌చెరువు పరిసరములు తరువాత చూపినవి. 1970ల నుండి అచ్చట పారిశ్రామికవాడ పెరిగినది. మందుల, రసాయనముల కర్మాగారముల మురుగు నక్కవాగులో చేరి మంజీర వైపు సాగినది. వాగు నమ్ముకొన్న పొలములు, బావులు చెడిపోయినవి. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టునకు పోయినది. పంట నష్టమును విచారించి రైతులకు పరిహారమిచ్చు ఏర్పాట్లు జరిగినవి. 1994లో ఉమ్మడి శుద్ధి కర్మాగారము పనిచేయ నారంభించినది. ఆ కర్మాగారమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పరిహారము చేతికందినను వాగునీరు మరల చేనికెక్కలేదు. చిన్నరైతు నష్టము ఒక పంటతో తీరునది కాదని ఈ వ్యవహారము తెల్పుచున్నది.

నది నగరమునకు పోయినది; వాగు చెడినది. ఇక మిగిలినది వాన. ఇచ్చట సాలుకు సుమారు 800 మిల్లీమీటర్ల వర్షము కురియును. ఇది స్వల్పము కాదు. అయినను నల్లరేగడి రైతు వానకాలమున చేనిని బీడుగా నుంచి, యాసంగిలో జొన్నయో శనగయో వేయుట వాడుక. దీనిని సోమరితనమని తలచుట పొరపాటు. ఒకసారి తడిసిన రేగడిలో ఎద్దులును నాగలియు దిగబడును. నీరు నిలిచి మొలక కుళ్లును. పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ (ఇక్రిశాట్) 1976 నుండి ఈ చిక్కునే పట్టుకొని పరిశోధించినది. వెడల్పు మళ్లు, వాని నడుమ చాళ్లు స్వల్పమైన వాలుతో తీసి, తొలకరికి ముందే పొడిదుక్కిలో విత్తి, మిగులు నీటిని గడ్డి పెంచిన కాలువల ద్వారా కుంటకు మరల్చిరి. జొన్నలో కందిని అంతరపంటగా వేసిరి. జొన్న కోసిన పిమ్మట, వేళ్లు లోతునకు పాతుకొన్న కంది నేలలోని తేమతో కాపునకు వచ్చును. దీర్ఘకాలపు సగటున హెక్టారునకు 5.1 టన్నుల గింజ పండగా, పాత పద్ధతిలో 1.1 టన్ను మాత్రమే పండినది.

అయిన నీ ఫలితము వెంటనే పల్లెకు చేరలేదు. 1981లో మెదకు జిల్లా తడ్డనపల్లి రైతుల పొలములలో దీనిని పరీక్షించిరి; తరువాత ఆ పద్ధతి మొత్తముగా వ్యాపింపలేదు. కారణము ఊహింపదగినదే. పరిశోధనాక్షేత్రమున నీరు వాలును బట్టి పారును. పల్లెలో అన్నదమ్ముల పంపకపు గట్లు వాలునకు అడ్డముగా నుండును. ఒకరి మిగులు నీరు మరియొకరి చేనిలో దిగవలసివచ్చినపుడు శాస్త్రముతోబాటు ఒడంబడికయు కావలెను. నీరటికాని కాలమునాటి ప్రశ్నయే ఇది.

కంది నుండి దక్షిణమునకు పోయిన శంకరుపల్లి వచ్చును. ఆ మండలములోని కొత్తపల్లిలో 1999లో ఆరంభమైన ‘ఆదర్శ’ వాటర్‌షెడ్డు ఈ ప్రశ్నకు కొంత సమాధానమిచ్చినది. 465 హెక్టార్ల పరిధిలో రైతులే సంఘములుగా ఏర్పడి పనులను నిర్ణయించుకొనిరి. 14 నీటి నిల్వ కట్టడములు, 97 గండి అడ్డుకట్టలు, 60 చిన్న ఇంకుడుకుంటలు ఏర్పడినవి. వాగు దాపున ఎండిన 28 బావులకు వరదనీటిని మరల్చిరి. మొక్కజొన్న, కంది కలిపి వేయుట పెరిగినది. స్త్రీల సంఘములు వయ్యారిభామ కలుపును వానపాముల ఎరువుగా మార్చి కొంత రాబడి పొందినవి. పెద్ద ఆనకట్టకు తగిన వైభవము దీనికి లేదు. అందుచేతనే కాబోలు చరిత్రకారుల దృష్టి దీనిపై పడుట అరుదు.

ఇందును ఒక సందేహము కలదు. కొత్తపల్లి మూసీ పరీవాహములోనిది. దిగువన 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరము కలదు. ఎగువ రైతు నిలుపుకొన్న వాన దిగువకు ఆ మేరకు తగ్గును. ఒక గ్రామమున ఈ తగ్గుదల స్వల్పమే; ఎగువనున్న ఊళ్లన్నియు కొత్తపల్లి మార్గమును పట్టిన, చేనికిని నగరమునకును వంతు నిర్ణయించువారెవరు? పూర్వము ఇట్టి తగాదాలు ఎట్లు తీరెడివో తెలిసికొనుటకు ఈ గ్రామముల సేత్వారులను, పహాణీలను, శిఖము భూముల లెక్కలను నీరటి ఇనాములతో సరిపోల్చి చూడవలసియున్నది. పరిశోధక విద్యార్థులలో ఒకరైనను ఆ పనికి పూనుకొనవలెనని మా కోరిక.