పలకయు పాఠమును

రేడియోను కొనువాడు పెట్టె అందము చూచి కొనడు. దానినుండి వినవచ్చు సంగీతమును, వార్తలను, నాటకమును తలచుకొని కొనును. వినదగినది లేనిచో ఎంత మేలైన పెట్టెయైనను మూలనుంచిన మందసముతో సమానము. వినువారు తగినంతమంది లేనిచో కార్యక్రమములను ఏర్పరచువాడును నిలువలేడు. 1927 జూలై 23న బొంబాయిలోను, మరుసటి నెలలో కలకత్తాలోను ప్రసారములు ఆరంభించిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ, మూడేండ్లు నిండకముందే 1930లో మూతపడినది. పెట్టెల వెల సామాన్యునకు అందలేదు. లైసెన్సులవలన వచ్చిన ఆదాయము ఖర్చులకు చాలలేదు. ప్రభుత్వము ఆ బరువును తలకెత్తుకొనిన పిదపనే ప్రసారములు నిలదొక్కుకొనినవి.

ఈ చిక్కు రేడియోతో తీరిపోలేదు. సుమారు ఎనుబది యేండ్ల తరువాత అదే చిక్కు మరియొక రూపమున మన తిరుపతిలో తలయెత్తినది. ఈసారి వచ్చినది రేడియో పెట్టె కాదు; పలకవంటి కంప్యూటరు.

2009 ఫిబ్రవరి 3వ తేదీన కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ, సమాచార సాంకేతిక విజ్ఞానము ద్వారా విద్యను వ్యాపింపజేయుటకు ఒక జాతీయోద్యమమును తిరుపతిలో ప్రారంభించినది. ఆ సందర్భముననే పది డాలర్లకు, అనగా ఇంచుమించు ఐదువందల రూపాయలకు, విద్యార్థికి కంప్యూటరు లభింపగలదను వార్త లోకమంతట ప్రాకినది. ఆ పరికరము పేరు ‘సాక్షాత్’. చిత్తూరు పొరుగుననున్న వేలూరు సాంకేతిక సంస్థ, మద్రాసు ఐ.ఐ.టి., బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ దాని రూపకల్పనలో పాలుపంచుకొనినట్లు నాటి పత్రికలు వ్రాసినవి. కాని ఆనాడు చూపబడినది జనులు ఊహించిన మడత కంప్యూటరు కాదు. చూడవచ్చినవారు ఆశాభంగమునే మూటగట్టుకొని వెళ్లిరి. అయినను ఆశ చావలేదు.

2010 జూలై 22న మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో ముప్పదియైదు డాలర్ల పలక నమూనాను చూపిరి. 2011 అక్టోబరు 5న అది ‘ఆకాశ్’ అను పేర విద్యార్థుల చేతికి వచ్చినది. దానిని సమకూర్చినది డేటావిండ్ సంస్థ; భాగములను కూర్చిన కర్మాగారము హైదరాబాదులోనిది. ప్రభుత్వమునకు ఒక్కొక్క పలక సుమారు ఏబది డాలర్లు పడినది. ఆ వెలకు ఏడంగుళముల తెర గల యంత్రము అందినది. ఇది నిజముగా మెచ్చదగిన విషయము.

అయితే యంత్రము చేతికి వచ్చిన పిదప దానితో ఏమి చేయవలెను? ఇక్కడనే అసలు కథ మొదలగుచున్నది. ఇట్టి పలకపై పనిచేయు చిన్న చిన్న ప్రోగ్రాములను నేడు అందరు ‘యాప్’ అనుచున్నారు. పలక వెలను ప్రభుత్వము తగ్గింపవచ్చును, కర్మాగారము తగ్గింపవచ్చును. యాప్ మాత్రము ఎవడో ఒకడు కూర్చుండి వ్రాయవలసినదే. ఆ వ్రాయువాని కన్నులతో ఆకాశ్‌ను ఒకసారి చూతము.

మొదటి ఆకాశ్‌లోని ప్రాసెసరు వేగము 366 మెగాహెర్ట్జులు. పనిజ్ఞాపకము 256 మెగాబైట్లు. తెర వ్రేలితో గట్టిగా ఒత్తిననే పలుకును. రెండు వ్రేళ్లతో చేయు పనులకు లొంగదు. కనుక ఇతర పలకలకు వ్రాసిన యాప్ దీనిపై అట్లే నడచునను ధైర్యము లేదు. ఇక అమ్మకము మాట. ఆండ్రాయిడ్ యంత్రములకు గూగుల్ నడుపు యాప్ అంగడి ఒకటి 2008 నుండి ఉన్నను, మొదటి ఆకాశ్‌కు అందు ప్రవేశము లేదు. దానికి బదులుగా, ఉచితమైన యాప్‌లకు పేరుపడిన గెట్‌జార్ అను అంగడి అమర్చబడినది. ఊరకే దొరకు సంతలో వెల చెప్పి అమ్ముట యెంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు.

మరియొక లోపము మన భాషకు సంబంధించినది. ఆ పలకలోని ఆండ్రాయిడ్ 2.2 కు తెలుగు లిపిని కూర్చు శక్తి లేదు. తలకట్టులు, ఒత్తులు, గుణింతములు తమ తమ స్థానములలో పడవు. కొన్నిచోట్ల అక్షరమునకు మారుగా ఖాళీ గడులే కనబడును. తెలుగు పాఠమును చూపదలచినవాడు దానిని బొమ్మగా మార్చి అతికింపవలసియుండెను, లేదా అక్షరములను కూర్చు ఏర్పాటును తానే చేసికొనవలసియుండెను. తిరుపతిలో అంకురించిన ఉద్యమము, హైదరాబాదులో కూర్చిన పలక. అయినను దానిపై ‘అ ఆ’లు దిద్దుట సులభము కాకపోయినది.

ఇప్పుడొక లెక్క వేసి చూతము. మదనపల్లెలోనో పుత్తూరులోనో చదువు ముగించిన ఇద్దరు యువకులు ఆరు నెలలు కష్టపడి ఎనిమిదవ తరగతి గణితమునకు ఒక యాప్ వ్రాసిరనుకొందము. వెల ఏబది రూపాయలు. ఆనాటి పెద్ద అంగళ్ల వాడుక చొప్పున నూటికి ముప్పది వంతులు అంగడివానికి పోగా, చేతికి మిగులునది ముప్పదియైదు రూపాయలు. పలకలు లక్ష యున్నవి, నూటికొక్కరు కొనిరి అనుకొందము. వేయిమంది కొన్నచో వచ్చునది ముప్పదియైదు వేలు. దానిని ఇద్దరికి, ఆరు నెలలకు పంచినచో ఒక్కొక్కరికి నెలకు మూడువేలైనను రాదు. పలకయే సగము వెలకు పొందిన విద్యార్థి యాప్‌కు ఏబది రూపాయలు వెచ్చించునా యనునది వేరొక ప్రశ్న. కనుక నేర్పరులు ఆ వైపు రాకపోవుటకు కారణము దేశాభిమానము లేకపోవుట కాదు, గిట్టుబాటు లేకపోవుట. యాప్‌లు లేవని కొనువారు రారు. కొనువారు లేరని యాప్‌లు రావు.

ఈ బాధ పేద పలకకే కాదు, ధనిక సంస్థలకును తప్పలేదు. హెచ్.పి. సంస్థ టచ్‌ప్యాడ్ అను పలకను 2011 జూలై 1న విడుదల చేసి, ఆగస్టు 18న, నిండా ఏడు వారములకే, విరమించుకొనినది. వెల తొంబదితొమ్మిది డాలర్లకు దించగనే జనులు ఎగబడి కొనిరి. కాని దాని త్రోవ అప్పటికే ముగిసియుండుటచే వ్రాయువారు మరలి రాలేదు. బ్లాక్‌బెర్రీ పలక అదే సంవత్సరము ఏప్రిల్‌లో వచ్చినది. యాప్ వ్రాసి పంపినవారికి పలకను ఉచితముగా ఇచ్చెదమని ఆ సంస్థ ప్రకటించినది. తరువాత తన క్రొత్త ఫోన్ల కొరకు, వేయి డాలర్లు ఆర్జించిన మేలైన యాప్‌కు మొదటి యేట పదివేల డాలర్లు దక్కునట్లు హామీ కూడ ఇచ్చినది. వ్రాయువానికి ఎదురు డబ్బిచ్చియు ఆ సంతను నిలుపలేకపోయినది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2012 అక్టోబరులో తెచ్చిన సర్ఫేస్ ఆర్.టి. పలకపై పాత విండోస్ ప్రోగ్రాములు నడువలేదు. క్రొత్త అంగడిలో సరకు చాలలేదు. 2013 జూలైలో తొంబది కోట్ల డాలర్ల నష్టమును ఆ సంస్థ లెక్కలలో చూపినది. మరుసటి ఫిబ్రవరిలో సంస్థ పగ్గములు చేపట్టినవాడు అనంతపురము జిల్లా మూలములు గల మన తెలుగువాడు సత్య నాదెళ్ల. ఆయన మార్చి 27న ఆఫీస్ ప్రోగ్రాములను పోటీదారుడైన ఆపిల్ సంస్థ పలకపైకి తెచ్చినట్లు ప్రకటించిరి. పలకకొరకు పాఠమును బంధించియుంచు కాలము చెల్లినదని దాని భావము.

మరల ఆకాశ్ కథకు వత్తము. బాధ్యత బొంబాయి ఐ.ఐ.టి. చేతికి వచ్చిన పిదప పని ఒక క్రమమున సాగినది. 2012 నవంబరు 11న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్-2ను ఆవిష్కరించిరి. వేగము వేయి మెగాహెర్ట్జులకు పెరిగినది. తెర మృదువైన స్పర్శకే పలికినది. ఆచార్య దీపక్ ఫాటక్ నాయకత్వమున విద్యార్థులు దానిపై సి, పైథాన్, సైలాబ్ భాషలలో అభ్యాసము చేయు ఏర్పాట్లు కల్పించిరి. అధ్యాపకులకు శిక్షణలు జరిగినవి. అప్పటి మంత్రి, కాకినాడ పార్లమెంటు సభ్యుడు పళ్లంరాజు, పరికరముపై వ్యామోహము తగదనియు, విద్యార్థికి ఏమి అందుచున్నదో చూడవలెననియు 2013లో అభిప్రాయపడిరి. లక్ష పలకల పంపిణీతో, 2015 మార్చి 31న ఆ పథకము ముగిసినది.

మరి ఆ శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరా? కాదు. తిరుపతిలో ఆరంభమైన ఉద్యమమునకు రెండు చేతులు ఉండెను. ఒక చేత పలక, ఒక చేత పాఠము. పలక జారిపోయినది, పాఠము నిలిచినది. ఐ.ఐ.టి.ల ఉపన్యాసములను అందరికి అందించు ఎన్‌పీటెల్, ప్రయోగశాలలను తెరపైకి తెచ్చిన వర్చువల్ ల్యాబ్స్, తెలుగులోను లభించు స్పోకెన్ ట్యుటోరియల్స్ ఆ ఉద్యమము ఊతమున పెరిగినవే. అవి ఏ ఒక్క యంత్రమునకు కట్టుబడి యుండలేదు. కనుకనే ఆకాశ్ పోయినను అవి పోలేదు.

ఈ ప్రాంతపువారికి ఇది క్రొత్త మాట కారాదు. తాళ్లపాకవారి సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయమున భద్రమై యుండెను. రాగి చెడలేదు. అయినను ఆ పాట ఇంటింటికి చేరినది ఇరువదవ శతాబ్దిలో రేకు విడిచి కాగితమునకును, కాగితము విడిచి కంఠమునకును, కంఠము విడిచి ఆకాశవాణికిని ఎక్కిన పిదపనే.

ఒకే చేతిలో పలకను, పాఠమును ఉంచుటయు చిక్కే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకును ఉపాధ్యాయులకును ఐదు లక్షలకు పైగా పలకలను బైజూస్ సంస్థ పాఠములతో పంచుట 2022 డిసెంబరు 21న ఆరంభించినది. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా విచారణలో పడినది. పలక బాగుగనే ఉండవచ్చును; పాఠమును కాలానుగుణముగ దిద్దువాడు నిలుచునా యనునది పలకను కొనునాడే అడుగవలసిన ప్రశ్న.

2015లో శ్రీసిటీలో షావొమీ ఫోన్ల కూర్పు ఆరంభమైనది. అదే సంవత్సరము తిరుపతిలో ఐ.ఐ.టి. నెలకొన్నది. నాటి చిత్తూరు జిల్లానుండి 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరుపడినది. యంత్రమును కూర్చు చేతులు, ప్రోగ్రామును వ్రాయు చేతులు, రెండును ఈ రెండు జిల్లాలలో ఇప్పుడున్నవి. యాప్ వ్రాయబూనిన యువకుడు మొదట మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ యంత్రము ఎందరి చేతులలో ఉన్నది? వారు వెల యిచ్చు స్థితిలో ఉన్నారా? ఈ యంత్రము రేపు లేకపోయినచో నా పని మరియొకదానిపైకి చేరగలదా? మూడవదానికి అవునను సమాధానము కలవాడే మిగులును. ప్రభుత్వమునకు మిగిలినది నాలుగవ ప్రశ్న: పలక కొనుటకు కేటాయించిన ధనములో, పాఠము వ్రాయువానికి దక్కునది ఎంత?