దత్తత నేరాలు, శిక్షలు: ఆమదాలవలస ప్రాంతంలో చట్టం నడిచిన తీరు

ఆమదాలవలస పరిసరాల్లో బిడ్డను పెంచుకోవడం చాలాకాలం బంధువులు, పెద్దల సమక్షంలో దత్తహోమంతోనో దత్తత పత్రంతోనో ముగిసే వ్యవహారం. ఆమదాలవలస ఉన్న శ్రీకాకుళం ప్రాంతం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. అప్పట్లో దత్తత మీద తగవు వస్తే అది ఆస్తి తగవుగా సివిల్ కోర్టుకు వెళ్లేది.

క్రిమినల్ చట్టం పట్టించుకున్నది ప్రధానంగా బిడ్డను వదిలేసినవారిని. 1860 నాటి శిక్షాస్మృతి 317వ సెక్షన్ ప్రకారం పన్నెండేళ్లలోపు బిడ్డను వదిలించుకున్న తల్లిదండ్రులకు ఏడేళ్ల వరకు జైలు పడేది. మైనర్లను వ్యభిచారానికి అమ్మినా, కొన్నా పదేళ్ల వరకు శిక్ష ఉండేది. పిల్లల చాకిరిని తాకట్టు పెట్టడాన్ని నిషేధించిన 1933 చట్టం తల్లిదండ్రులకు 50 రూపాయలు, పనిలో పెట్టుకున్నవారికి 200 రూపాయల వరకు జరిమానా పెట్టింది. బిడ్డను ఇచ్చినవారికన్నా తీసుకున్నవారి తప్పు పెద్దదన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 17వ సెక్షన్ దత్తతకు ప్రతిఫలం ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ నేరం చేసింది. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అయితే కేసు పెట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వం ముందుగా అనుమతించాలి.

విదేశీ దత్తతలకు సుప్రీంకోర్టు 1984లో లక్ష్మీకాంత్ పాండే కేసులో నియమాలు విధించింది. అయినా 1999, 2001 సంవత్సరాల్లో తెలంగాణ తండాల లంబాడా పసిపాపలను దళారులు కొద్దిపాటి డబ్బుకు కొని హైదరాబాద్ దత్తత సంస్థలకు చేరవేస్తున్న వ్యవహారం బయటపడింది. పేదరికం కారణంగా బిడ్డలను అప్పగించడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2001లో నిషేధించింది.

2016 జనవరి 15న అమల్లోకి వచ్చిన బాలల న్యాయ చట్టం శిక్షలను గట్టిపరిచింది. అనాథ బిడ్డను, వదిలేసిన బిడ్డను, లేదా కన్నవారు అప్పగించిన బిడ్డను పద్ధతి తప్పి దత్తతకు ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. బిడ్డను అమ్మినా, కొన్నా అయిదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష జరిమానా. ఆ పని ఆసుపత్రి, ప్రసూతి కేంద్రం సిబ్బందే చేస్తే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. గతిలేక బిడ్డను వదిలిన కన్నవారికి మాత్రం ఈ చట్టంలోని క్రూరత్వం సెక్షన్ వర్తించదు. బాలల సంక్షేమ కమిటీ ఎదుట బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. హిందువుల మధ్య 1956 చట్టం కింద జరిగే దత్తతలకు బాలల న్యాయ చట్టం వర్తించదు. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం కలెక్టర్లది.

హౌరా–చెన్నై మార్గంలో ఆమదాలవలసలోనే ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో దిక్కులేని బిడ్డ కనిపించినా నిబంధన ఒకటే. 24 గంటల్లో పిల్లల సహాయ నంబరు 1098కి గానీ, పోలీసులకు గానీ, కమిటీకి గానీ తెలియజేయాలి. దాచిపెడితే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ.