బొమ్మ కారు మీది రంగు

పెద్ద వస్తువును కొలత తప్పకుండా తగ్గించి చిన్న నమూనా చేయడం కష్టమైన పనే కాని అసాధ్యమైనది కాదు. కొలబద్ద, లెక్క, ఓపిక ఉన్నవానికి తలుపును కుదించవచ్చు, చక్రాన్ని కుదించవచ్చు, దీపపు బుడ్డిని కూడ గోరంత చేయవచ్చు. రంగు మాత్రం ఈ కుదింపునకు లొంగదు. నిజమైన కారు మీద ఎంత మందాన పూసినారో ఇరవై అయిదో వంతు నమూనా మీద కూడ అంత మందాన పూస్తే తలుపుల సందులు పూడిపోతవి, అంచుల పదును పోతుంది, చూచేవానికి అది కారు వలె కాక రంగులో ముంచి తీసిన సబ్బుబిళ్ళ వలె కనిపిస్తుంది.

ఈ చిక్కును విడదీయబూనిన వారి చరిత్రను ఈ ప్రసంగంలో మనవి చేయదలచినాము. అమెరికా దేశంలో, ముఖ్యంగా 1930కిని 1973కిని నడుమ జరిగిన కథ ఇది. ఇందలి పాత్రలలో చాలామంది మీసం మొలిచీ మొలవని కుర్రవాండ్రు. బొమ్మలకు రంగు వేసుకొనే పిల్లల ఊసు చరిత్ర ఎట్లయినదని శ్రోతలలో కొందరికి అనిపించవచ్చును. కొంత విన్న తరువాత నిర్ణయించవలసిందని మా ప్రార్థన.

మొదట రంగు సంగతి. కారు మీద మెరిసే పూతకు ఇంగ్లీషులో 'లాకరు' అని పేరు. ఆ మాటకు మూలం మన లక్క. సంస్కృతంలోని లాక్షా శబ్దమే దేశాలు తిరిగి, రూపం మార్చుకొని యూరపు చేరినది. ఏటికొప్పాకలో గిరగిర తిరిగే అంకుడు కొయ్యకు లక్కకడ్డీని ఒత్తిపట్టగా, రాపిడి వేడికి అది కరిగి కొయ్యను అంటుకొని నిగనిగలాడుతుంది. ఆ నిగారింపును తలపించినందుననే అటువంటి ఇతర పూతలకు కూడ ఆ పేరు దక్కినది. కాని కార్ల లాకరులో లక్క లేదు. దూదిని ఆమ్లాలతో సంస్కరించి తీసిన నైట్రోసెల్యులోజు దాని ముఖ్యద్రవ్యం. డ్యూపాంట్ కంపెనీ దీనిని 'డ్యూకో' అనే పేర సిద్ధం చేయగా, 1923లో జనరల్ మోటార్స్ వారు తమ ఓక్‌లండ్ కార్లకు మొదట వేసినారు. అంతకుముందు నూనె వార్నిషు పూతలు ఒకదాని మీద ఒకటి ఆరడానికి వారాలు పట్టేవి. ఫోర్డు మోడల్ 'టి' కారు 1914 నుండి 1925 వరకు నల్లరంగుకే కట్టుబడి ఉండుటకు ఇటువంటి ఇబ్బందులే చాలవరకు కారణం. డ్యూకో గంటలలో ఆరేది. దానితో వీధులలో రంగులు వచ్చినవి. కాలక్రమాన ఆ పేరు మన నిర్మల పనివాండ్ర నోట కూడ పడినది. అక్కడి కొయ్యపలకల మీద నేల రంగుగా డ్యూకోను తుంపరగా కొట్టుట చూచినవారు మన శ్రోతలలో ఉండే ఉందురు.

1930లో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన ఫిషర్ బాడీ విభాగం 'క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్' పేర బాలురకు ఒక పోటీ ఏర్పాటు చేసినది. మొదట ఆ విభాగపు ముద్రలో ఉండే నెపోలియను కాలపు రథానికి నకలు చేయవలసి ఉండేది. 1937లో స్వంత ఊహతో కారు నమూనా చేసే పోటీ కూడ చేరినది. బహుమతి కాలేజీ చదువునకు వేతనం. తొలి పోటీలలోనే అది అత్యధికంగా 5000 డాలర్లు. తండ్రుల ఉద్యోగాలు ఊడిపోయి, బ్యాంకులు మూతపడుతున్న ఆర్థికమాంద్యపు రోజులలో ఈ మొత్తం ఒక సామాన్య కుటుంబానికి ఎంతటిదో ఊహించుకొనవచ్చును. కుర్రవాడు వంటింటి బల్ల మీద చెక్కే కొయ్యముక్క వాని భవిష్యత్తే అయినది.

రూపకల్పనకు, పనితనానికి విడివిడిగా విలువ కట్టేవారు. పనితనం తేలేది రంగులోనే. కొయ్యకు ఈనె ఉంటుంది; ఎంత నునుపు చేసినా రంగు పడగానే ఆ ఈనె పైకి తేలి, ఇది కొయ్య సుమా అని చాటుతుంది. నమూనా ఉక్కురేకు వలె కనబడాలంటే మొదట ఆ రంధ్రాలను పూడ్చే పూత వేయాలి, అరగదీయాలి, మళ్ళీ వేయాలి, మళ్ళీ అరగదీయాలి. ఆ పిమ్మట పలుచని లాకరు పూతలు. పూతకు పూతకు మధ్య నీళ్ళలో తడిపిన సన్నని గరుకు కాగితంతో రుద్దుడు. చివరకు మెరుగు ముద్ద. ఒక్క పూత తొందరపడి వేసినా క్రిందిది మెత్తబడి ముడతలు పడేది. నెలల పని ఒక సాయంత్రంలో చెడేది.

ఈ పోటీలో 1947లో నెగ్గి 4000 డాలర్ల వేతనం పొందిన చక్ జోర్డన్ అనే విద్యార్థి 1986లో అదే జనరల్ మోటార్స్‌లో రూపశిల్ప విభాగానికి ఉపాధ్యక్షుడైనాడు. కంపెనీ వారు కేవలం ధర్మబుద్ధితో ఇది నడిపినారని మేము అనము. పేరు ప్రచారమయ్యేది, చేతి ఒడుపు గల కుర్రవాండ్రు ఎక్కడున్నదీ తెలిసేది. ఇంకొక మాట కూడ దాచరాదు: బాలికలకు ప్రవేశం లేదు. 1968లో గిల్డు మూతపడే వరకు ఆ నియమం మారలేదు. అక్కచెల్లెండ్రలో ఎందరి చేతులలో ఆ ఒడుపు ఉండి మరుగుపడినదో ఎవరు లెక్కించగలరు?

ఇంతలో కాలిఫోర్నియాలో వేరొక ధోరణి తల ఎత్తినది. పాతకార్లను కోసి, వంచి, తమకు నచ్చిన రూపం కల్పించుకొనే పనివాండ్రు కర్మాగారపు రంగులతో తృప్తిపడలేదు. వారిలో జో బెయిలన్ అనే ఆయన తడిసిన రోడ్డు మీద కారు వెనుక దీపం ఎర్రగా ప్రతిఫలించడం చూచి, ఆ వన్నెను తేవాలని ఏండ్ల తరబడి కృషి చేసినానని చెప్పుకొన్నాడు. పుల్లకు గుచ్చిన ఆపిల్‌ను ఎర్రని పంచదార పాకంలో ముంచి అమ్మే మిఠాయి పేరు మీదుగా ఆ రంగు 'కాండీ ఆపిల్ రెడ్' అయినది.

దీని కిటుకు చిత్రమైనది. క్రింద వెండి లేక బంగారు వన్నె పూత. దాని మీద అద్దం వంటి తేట ఎరుపు. వెలుతురు ఎరుపులో నుండి దిగి, క్రింది పూతను తాకి, మళ్ళీ ఎరుపులో నుండే పైకి వస్తుంది. రెండుసార్లు వడబోసిన వెలుతురన్న మాట. అందువల్లనే దానికి లోతు. వెండి మీద వేసిన ఎరుపు చల్లగాను, బంగారం మీద వేసినది నిప్పుకణిక వలెను తోచును. అయితే ప్రతి పూతకు రంగు చిక్కబడుతుంది గనుక ఒకచోట రెండు తుంపరలు ఎక్కువ పడితే అక్కడ మచ్చ. దానిని దిద్దే ఉపాయం లేదు.

1958లో ఎ.ఎం.టి. అనే కంపెనీ ఇరవై అయిదో వంతు కొలతలో, ప్లాస్టిక్ భాగాలతో, ఒకే పెట్టెలో మూడు విధాలుగా కూర్చుకొనగల కార్లను అమ్మసాగినది: ఉన్నది ఉన్నట్లు, పందెపు కారుగా, లేదా స్వంత ఇష్టం చొప్పున. ఈ మూడవ మాటే కుర్రవాండ్రను పట్టుకొన్నది. బెయిలన్ ఎరుపు ఇప్పుడు ఇంట్లోనే కావాలి! 1949లో ఎడ్వర్డ్ సేమర్ అనే ఆయన ఇల్లినాయ్ రాష్ట్రంలో నొక్కితే తుంపర కొట్టే రంగుడబ్బాను కనిపెట్టియున్నాడు. ఆ మొదటి డబ్బాలోనిది అల్యూమినియం రంగే కావడం వీరి పాలిటి అదృష్టమనవలెను.

కాని లాకరును పలుచన చేసే ద్రవం పాలిస్టైరీను ప్లాస్టిక్‌ను తినివేస్తుంది. నునుపైన తలుపు మీద ఎండిన చెరువు నేల వలె పగుళ్ళు లేస్తవి. దీనికి విరుగుడు ఓపిక: క్రింద అడ్డుపూత, ఆ పైన తాకీ తాకనట్లు మంచు వంటి తుంపర, ఆరనిచ్చి మరొకటి. ఇక మెటల్‌ఫ్లేక్ అనే తళుకు రజనుతో వచ్చిన చిక్కు లెక్కకు సంబంధించినది. అంగుళంలో అరవై నాలుగో వంతు ఉండే తళుకు పెద్ద కారుపై చుక్క. ఇరవై అయిదో వంతు నమూనాపై అది నిజమైన కారు మీద సెంటీమీటరు వెడల్పు బిళ్ళ అంటించినట్లు. అందుచేత వీరు మెత్తని లోహపు పొడులను, ముత్యపు జిగి నిచ్చే చూర్ణాలను వెదకి కలుపుకొన్నారు. తప్పు చేస్తే కారు చెడుతుంది గనుక ప్లాస్టిక్ చెంచాల మీద ముందు పరీక్షించడం వాడుక అయినది. చెంచా వీపు కారు మడ్‌గార్డు వలె వంపు తిరిగి ఉండడం దాని గుణం. ఒక్కొక్క చెంచా మీద ఏ క్రిందిపూత, ఎన్ని తుంపరలు అని వ్రాసుకొనే కుర్రవాడు ప్రయోగశాలలోని రసాయనికునికి ఏ విధంగా తక్కువ?

1968లో గిల్డు ముగిసినది. ఆ ఏడే కాలిఫోర్నియాలోని మాటెల్ కంపెనీ 'హాట్ వీల్స్' పేర పదహారు చిట్టికార్లను బజారులో పెట్టినది. వాటిలో చాలా వాటికి రూపమిచ్చిన హ్యారీ బెంట్లీ బ్రాడ్లీ జనరల్ మోటార్స్‌ను వదలి వచ్చినవాడు. బాల్యంలో పోలియో సోకి నడక పోగా కార్ల బొమ్మలు గీయుటలో మనసు నిలిపినవాడు. అలెగ్జాండర్ సోదరులు నిర్మించగా 1967లో డెట్రాయిట్ ప్రదర్శనలో రిడ్లర్ బహుమతి పొందిన 'డియోరా' బండికి రూపకర్త ఆయనే. ఆ బండి ఈ పదహారింటిలో ఒకటిగా అరచేతిలోకి దిగినది. ఈ చిట్టికార్లకు వేసినది 'స్పెక్ట్రాఫ్లేమ్': మెరుగు పెట్టిన లోహపు పోత మీద తేట రంగు. బెయిలన్ కిటుకే, కాని వెండిపూతకు బదులు కారు ఒడలే అద్దం. అంతవరకు చిట్టికార్లంటే దిట్టమైన ఎనామిల్ రంగులకే అలవాటుపడిన పిల్లలకు ఇది దీపం వెలిగించినట్లయినది.

మెరుగు పెట్టడానికి ఖర్చు ఎక్కువ. 1973లో మాటెల్ వారు దానిని విడిచి మామూలు ఎనామిల్‌కు దిగినారు. తరువాత చాలా ఏండ్లకు స్పెక్ట్రాఫ్లేమ్ తిరిగి వచ్చినది గాని, ఈసారి ప్రత్యేకంగా సేకరించేవారి కోసం. కొనేవారు చాలవరకు పెద్దలు.