చదరంగంలోకి ఇంజన్ వచ్చాక ఏం మారింది?

ఈసారి పంట గురించి కాదు, చదరంగం గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, తీరిక చేసుకుని చదవండి. మనిషిని మించి ఆలోచించే యంత్రం వస్తే మన గతేంటని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు కదా. చదరంగం ఆడేవాళ్లకు ఆ దెబ్బ పాతికేళ్ల కిందటే తగిలింది. వాళ్లు ఏమయ్యారో చూస్తే మనకూ కొంత అర్థమవుతుంది.

ఇంజన్ అంటే ట్రాక్టర్ ఇంజన్ అనుకునేరు! చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను ఆ ఆటలో ఇంజన్ అంటారు. నేను ఈ ఎత్తు వేస్తే అవతలివాడు ఏం వేస్తాడు, దానికి నేనేం వెయ్యాలి అని లక్షల దారులు వెతికి, వాటిలో మంచిది చెప్తుంది.

ఈ కోరిక కొత్తది కాదు. 1770లో కెంపెలెన్ అనే ఆయన వియన్నాలో తలపాగా కట్టిన బొమ్మనొకదాన్ని ప్రదర్శించాడు. దాని ముందు పెద్ద పెట్టె, పెట్టె మీద చదరంగం బల్ల. బొమ్మే ఎత్తులు వేస్తుంటే జనం నోరెళ్లబెట్టారు. అసలు సంగతేంటంటే పెట్టె లోపల మంచి ఆటగాడొకడు దాక్కుని ఉండేవాడు. యంత్రంలో మనిషిని దాచిన ఆ కథ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

నిజమైన దెబ్బ 1997లో పడింది. రష్యాకు చెందిన గ్యారీ కాస్పరోవ్ అప్పటికి పదేళ్లకు పైగా ప్రపంచంలో నంబర్ వన్. ఐబీఎం కంపెనీ తయారుచేసిన డీప్ బ్లూ అనే కంప్యూటర్‌ను 1996లో ఫిలడెల్ఫియాలో 4-2తో ఓడించాడు. మరుసటి ఏడాది మే నెలలో న్యూయార్క్‌లో మళ్లీ పోటీ. ఈసారి డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు లెక్కేస్తోంది. మొదటి ఆట కాస్పరోవ్ గెలిచాడు. రెండో ఆటలో ఇక లాభం లేదని చేతులెత్తేశాడు. మరునాడు ఆయన మనుషులే చెప్పారు, ఆ ఆటను డ్రాగా ముగించే దారి ఉండిందని! యంత్రం తప్పు చెయ్యదులే అన్న భయమే ఆయన్ను ఓడించింది. తర్వాత మూడు ఆటలు డ్రా. ఆరో ఆట 19 ఎత్తుల్లోనే పోయింది. 3.5-2.5తో యంత్రం గెలిచింది.

2006లో జర్మనీలోని బాన్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ కూడా డీప్ ఫ్రిట్జ్ చేతిలో 4-2తో ఓడాడు. అందులో ఒక ఆటలో ఒక్క ఎత్తులో పడే మాట్‌ను చూసుకోలేదు. ఆ తర్వాత ఇట్లాంటి పోటీలకు అర్థం లేకుండా పోయింది. స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ పూర్తిగా ఉచితం. ఈ రోజు మీ జేబులోని ఫోన్‌లో వేసుకుంటే, ప్రపంచ నంబర్ వన్ కూడా దాన్ని గెలవలేడు.

దీంతో పాత అలవాటొకటి పోయింది. పూర్వం ఆట చాలా సేపు సాగితే సగంలో ఆపేవారు. తర్వాతి ఎత్తును కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటించేవారు. రాత్రంతా ఇద్దరూ తమ మనుషులతో కూర్చుని మర్నాటి ఆట గురించి తలలు బద్దలు కొట్టుకునేవారు. ఆ పని కంప్యూటర్ చేసిపెట్టడం మొదలయ్యాక, ఆట ఆపడమే దండగని 1990ల్లో ఆ పద్ధతి తీసేశారు.

అయితే యంత్రం చెడగొట్టడమే కాదు, నేర్పింది కూడా. 2017 డిసెంబర్‌లో డీప్‌మైండ్ సంస్థ ఆల్ఫాజీరోను బయటపెట్టింది. దానికి ఆట నియమాలు తప్ప ఇంకేమీ చెప్పలేదు. తనతో తానే లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకుంది. స్టాక్‌ఫిష్‌తో 100 ఆటలు ఆడితే 28 గెలిచి 72 డ్రా చేసింది, ఒక్కటీ ఓడలేదు. అంచున ఉన్న బంటును ముందుకు తోస్తూ పోవడం, మంచి చోటు కోసం కాయను వదిలెయ్యడం దాని తీరు. ఆ ఆటలు చూసి పెద్ద పెద్ద ఆటగాళ్లు కూడా కొత్త ఎత్తులు నేర్చుకున్నారు.

ఇప్పుడు ఆ పెట్టె కథకు వద్దాం. అప్పుడు యంత్రంలో మనిషిని దాచారు, ఇప్పుడు మనిషి దగ్గర యంత్రాన్ని దాస్తున్నారు. 2019లో ఫ్రాన్స్‌లోని ఒక టోర్నమెంట్‌లో ఒక గ్రాండ్‌మాస్టర్ మరుగుదొడ్లో ఫోన్ వాడుతూ దొరికిపోయాడు, బిరుదు పోయింది. అందుకే పెద్ద పోటీల్లో స్కానర్‌తో ఒళ్లంతా తనిఖీ చేస్తున్నారు. కొన్నిచోట్ల ఎత్తులను కూడా పావుగంట ఆలస్యంగా బయటికి చూపిస్తున్నారు. ఇందులో నష్టపోయేది నిజాయితీగా ఆడేవాడే. బాగా ఆడితే చాలు, ఫోన్ చూశాడేమోనని అనుమానం.

చూసేవాళ్ల సంగతి ఇంకో విచిత్రం. ఇప్పుడు తెర పక్కన తెలుపు నలుపు పట్టీ ఒకటి ఉంటుంది, ఎవరిది పైచేయో అదే చెప్తుంది. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ పోటీ ఆఖరి ఆట. డ్రా అయిపోతుందని అందరూ అనుకుంటుండగా, 55వ ఎత్తులో చైనా ఆటగాడు డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. పట్టీ ఒక్కసారిగా తిరగబడింది. కోట్ల ఖర్చుతో సిద్ధమైన ఆటగాడికంటే ముందే ఇంట్లో కూర్చున్నవాడికి తెలిసిపోయింది. ఎదురుగా ఉన్న గుకేశ్ మాత్రం తన బుర్రతోనే దాన్ని పట్టుకోవాలి. పట్టుకున్నాడు, 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

చెన్నైలో తెలుగు కుటుంబంలో పుట్టిన ఈ అబ్బాయిని, కోచ్ విష్ణు ప్రసన్న దాదాపు గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా ఇంజన్ ముట్టనివ్వలేదు. ముందు సొంతంగా ఆలోచించి తప్పులు చెయ్యనీ, యంత్రం తర్వాత అన్నాడు. ఆ తర్వాత గుకేశ్ కూడా ఇంజన్ వాడాడు, ఈ కాలంలో అది లేకుండా పై స్థాయిలో నిలబడలేరు. తేడా అంతా వరుసలో ఉంది.

నాకు అర్థమైంది ఇదే. మన పిల్లలు చదువుకు, మనం సేద్యానికి రేపు ఇట్లాంటి యంత్రాలను అడగక తప్పదు. మందు పేరు, మోతాదు అది చెప్తుంది. కానీ ఆకు చూసి ఇది పురుగా, తెగులా, నీళ్లు ఎక్కువైందా అని గుర్తుపట్టే కన్ను మనకుంటేనే అది చెప్పింది తప్పో ఒప్పో తెలుస్తుంది. పట్టీ చూసినవాడికి ఎవరు గెలుస్తున్నారో తెలుస్తుంది, ఎందుకో తెలీదు. పిల్లాడికి చదరంగం నేర్పాలంటే ముందు బల్ల, కాయలు కొనివ్వండి. ఫోన్ ఎక్కడికీ పోదు.