మంత్రోచ్చారణ శుద్ధి – తెలుగునాట దాని చరిత్ర

జీర్ణోద్ధరణ అనగానే మన మనస్సుకు తోచేవి రాయి, సున్నం, ఇత్తడి. బీటలు వారిన గోడలు సరిచేయడం, విమానానికి కొత్త కలశం ఎత్తడం, గర్భాలయంలో అష్టబంధనం చేయించడం – వీటి కోసమే మీలో ఎందరో ధనం ఇచ్చారు, మరెందరో శ్రమ ఇచ్చారు. ఈ వ్యాసం మాత్రం ఆలయంలో కంటికి కనిపించని ఒక భాగాన్ని గురించినది. యాగశాలలో కళాన్యాసం జరిగేటప్పుడు, ప్రాణప్రతిష్ఠ వేళ, కుంభాభిషేక ముహూర్తాన ఋత్విజుల నోట వెలువడే ధ్వని అది. శిల్పి చెక్కిన శిలను పూజార్హమైన మూర్తిగా చేసేది మంత్రమని మన సంప్రదాయ విశ్వాసం. ఆ మంత్రాన్ని ఉచ్చరించవలసిన తీరు మన వరకు ఎట్లా వచ్చింది, తెలుగువారి నోట అది ఎక్కడ జారుతున్నది అన్నదే ఇక్కడి ప్రస్తావన.

మన కేసముద్రం పేరులోని 'సముద్రం' అన్న మాట కాకతీయుల కాలపు చెరువుల పేర్లను తలపుకు తెస్తుంది. 2016 అక్టోబరు వరకు మనం వరంగల్ జిల్లావారం; ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్నాం. ఇదే జిల్లాలోని బయ్యారంలో గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ త్రవ్వించిన చెరువుకు ధర్మకీర్తి సముద్రమని పేరు. అక్కడి శాసనంలో కాకతీయుల వంశక్రమం చెక్కి ఉన్నది. ఇన్ని శతాబ్దాల తరువాత కూడా దానిని చదవగలుగుతున్నాం. కాని శాసనం అక్షరాన్నే కాపాడుతుంది. ఆ అక్షరాన్ని ఏ స్థాయిలో, ఎంతసేపు, ఎంత బలంతో పలకాలో రాయి చెప్పదు. అందుకు నోరే ఆధారం.

ఆనాటి ప్రభువులు ఈ సంగతి ఎరుగుదురు. 1261వ సంవత్సరపు మల్కాపురం శాసనం చూడండి. గణపతిదేవుని గురువైన విశ్వేశ్వర శివాచార్యులు కృష్ణాతీరాన, మందడం ప్రాంతంలో నిర్వహించిన గోళకీమఠపు దానధర్మాల వివరం అందులో కలదు. ఆ సంవత్సరం రుద్రమదేవి పాలనాకాలంలోనిది. ఆలయం, మఠం, అన్నసత్రం, ప్రసూతిశాల, ఆరోగ్యశాలలతో పాటు ఋగ్యజుస్సామవేదాల బోధనకు ముగ్గురు అధ్యాపకులను కూడా అందులో ఏర్పాటు చేశారు. గుడికి దీపం, నైవేద్యం ఎంత అవసరమో వేదం చెప్పే నోరు కూడా అంతే అవసరమని ఆ దాతలు తలచినట్లు దీనివల్ల తెలుస్తున్నది.

ఉచ్చారణకు ఇంత పట్టింపు ఎందుకని మీకు సందేహం కలుగవచ్చును. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి ఇందుకు ఆరు అంశాలను పేర్కొన్నది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామ, సంతానం. వర్ణమంటే అక్షరం. స్వరమంటే ఉదాత్త, అనుదాత్త, స్వరితాలనే ఎత్తుపల్లాలు. మాత్ర కాలపు కొలత. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు. బలం అక్షరానికి తగిన ప్రయత్నం. మిగిలిన రెండూ చదువులో సమత, పదాల నడుమ తెగని కూర్పు. వీటిలో మనం సాధారణంగా పట్టించుకొనేది మొదటిదానినే. అయితే పురాతనమైన హెచ్చరిక రెండవదానిని గురించినది. అది వృత్రాసురుని కథ. తన కుమారుడు విశ్వరూపుని ఇంద్రుడు వధించగా త్వష్ట కోపించి, ఇంద్రుని చంపగల వానిని కోరుతూ హోమం చేశాడు. 'ఇంద్రశత్రుః' అన్న మాటను చివర ఉదాత్తంతో పలికితే ఇంద్రుని చంపేవాడని అర్థం; మొదట ఉదాత్తంతో పలికితే ఇంద్రుడే తన్ను చంపేవాడుగా కలవాడని అర్థం. త్వష్ట రెండవ విధంగా పలికాడు. వృత్రుడు పుట్టాడు, ఇంద్రుని చేతిలోనే చచ్చాడు. తైత్తిరీయ సంహితలోని ఈ కథనే పతంజలి మహాభాష్యపు ఆరంభంలో ఉదాహరించాడు. ఇందులో ఒక్క అక్షరమూ మారలేదని గమనించండి. మారినది స్వరమొక్కటే.

ఇటువంటి జారుపాటును నివారించడానికి మన పూర్వులు చేసిన ఏర్పాటు ఆశ్చర్యకరమైనది. తెలుగునాట వైదికులలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖవారు. ఆ సంహితలో 7 కాండలు, 44 ప్రపాఠకాలు, 651 అనువాకాలు ఉన్నవి. అనువాకాలను మరల ఏబదేసి పదాల ముక్కలుగా విభజించారు, అవి 2,198. పంచాశత్తు అన్న ఆ పేరే వాడుకలో 'పనస' అయినది. పెండ్లిలో ఆశీర్వచన వేళ పండితులు 'పనస చెప్పడం' మీరు వినే ఉంటారు. పండుకూ దానికీ సంబంధం లేదు. పదాలను లెక్కపెట్టి కట్టిన మూటలు కనుక ఒక్క పదం జారినా మూట తేలికవుతుంది.

లెక్క ఒక్కటే చాలదని పాఠక్రమాలను కల్పించారు. పదం, క్రమం, జట, ఘనం అని అవి వరుసగా కఠినమవుతాయి. ఘనంలో మూడు పదాలను తీసుకొని ఒకటి–రెండు, రెండు–ఒకటి, ఒకటి–రెండు–మూడు, మూడు–రెండు–ఒకటి, మరల ఒకటి–రెండు–మూడు అని చెబుతారు. తరువాత రెండవ పదం నుండి అదే వరుస మొదలవుతుంది. ఈ విధంగా మంత్రం నడుమనున్న ప్రతి పదమూ పదమూడుసార్లు నోటికి వస్తుంది. ముందుకు చెప్పినప్పుడు ఒక సంధి, వెనుకకు చెప్పినప్పుడు మరొక సంధి. స్వరమూ దానితోపాటే మారుతుంది. పదం అసలు రూపం తెలియనివాడు మూడవ అడుగులోనే దొరికిపోతాడు. పేరు చివర 'ఘనపాఠి' అని వ్రాసుకొనే అర్హత ఇంత శ్రమతో వస్తుంది. అధ్యయనమంతా 'సంత' పద్ధతిలోనే సాగేది. గురువు ఒకసారి చెప్పగా శిష్యులు రెండుసార్లు చెప్పడం, తరువాత వల్లె వేయడం – పుస్తకానికి చోటు లేదు.

తెలుగువారి పాఠానికి ప్రత్యేకమైన గుర్తింపు కూడా ఉన్నది. తైత్తిరీయారణ్యకం పదవ ప్రపాఠకానికి భాష్యం వ్రాస్తూ సాయణాచార్యులు, పదునాలుగవ శతాబ్దంలో, ద్రావిడుల పాఠంలో 64 అనువాకాలు, ఆంధ్రుల పాఠంలో 80 ఉన్నవని నమోదు చేశారు. మన ఆలయాలలో మంత్రపుష్ప సమయాన వినిపించే నారాయణసూక్తం ఆ ప్రపాఠకంలోనిదే. ఈ శాఖకు ఉచ్చారణ నియమాలు చెప్పే గ్రంథం తైత్తిరీయ ప్రాతిశాఖ్యం. నాలుక ఎక్కడ తాకాలి, పెదవి ఎట్లా ఉండాలి, ఏ అక్షరం పక్కన ఏది మారుతుంది అని అందులో సూత్రాలున్నవి. అమెరికా పండితుడు విలియం డ్వైట్ విట్నీ దానిని త్రిభాష్యరత్నమనే వ్యాఖ్యతో, ఆంగ్లానువాదంతో 1871లో ప్రచురించాడు.

ఇక మన నోటి సంగతికి వద్దాం. తెలుగు మాతృభాష కావడం వల్ల వచ్చే చిక్కులు కొన్ని ఉన్నవి. అచ్చతెలుగు మాటలలో మహాప్రాణాలు లేవు. అందువల్ల భక్తి 'బక్తి'గా, ధర్మం 'దర్మం'గా, సుఖం 'సుకం'గా వినిపిస్తాయి. ఆ లోపం తెలిసినవారిలో కొందరు అక్కరలేని చోట ఒత్తు తగిలించి 'విధ్య', 'అష్ఠోత్తరం' అంటారు. అర్థానికీ అర్ధానికీ భేదం తెలియక సగాన్ని భావంగా, భావాన్ని సగంగా వ్రాయడం ఆహ్వానపత్రాలలో నిత్యం చూస్తున్నదే. అంతెందుకు, ప్రతిష్ఠ అన్న మాటలోనిది ఠకారం. నిలుచుట అనే అర్థం గల 'స్థా' ధాతువు నుండి వచ్చినది కనుక ఆ ఒత్తు దాని ప్రాణం. ఊరూరా కట్టే ఫ్లెక్సీల మీద అది 'ప్రతిష్ట' అయి కూర్చున్నది. మన వీధిలోనివి కూడా ఒకసారి చూసుకోండి.

చకార జకారాల విషయం మరింత సూక్ష్మమైనది. చలి, చుట్టం, జల్లెడ, జొన్న – ఈ మాటలలో నాలుక దంతాల వైపు పోతుంది. చిలుక, చెరువు, జిల్లేడు అన్నప్పుడు తాలువును తాకుతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం దంత్య తాలవ్య భేదంగా చెప్పినది ఇదే. సంస్కృతంలో దంత్య చజలు లేనే లేవు. చమకంలో కోరిక వెంట కోరికగా 'చ మే' అన్న రెండక్షరాలు వస్తూనే ఉంటాయి. వానిని 'చలి'లోని చకారంతో పలికితే పదకొండు అనువాకాల పొడుగునా అదే తప్పు దొర్లుతుంది. పలికేవారికి అది తప్పని కూడా తోచదు, ఎందుకంటే వ్రాతలో తేడా లేదు.

జ్ఞానమన్న మాటను ఉత్తరాదివారు 'గ్యాన్' అంటారు, మహారాష్ట్రులు 'ద్న్యాన' అంటారు, మనం 'గ్నానం' అంటాం. జకార ఞకారాల అసలు కలయిక ముగ్గురి నోటా మారినదే. ఋకారం అచ్చు, మనం దానిని 'రు' చేస్తాం, ఉత్తరాదివారు 'రి' చేస్తారు. కనుక ఒకరిని చూసి ఒకరు నవ్వవలసిన పని లేదు. విసర్గను 'నమహ' అని పూర్తి అక్షరంగా సాగదీస్తే మాత్ర పెరిగిపోతుంది. ముందున్న అచ్చు ఛాయ అల్పంగా వినిపిస్తే చాలును. శాంతి 'షాంతి' కావడం, శివుడు 'సివుడు' కావడం చెప్పనే అక్కరలేదు. మరొక వైపు, తైత్తిరీయ గ్రంథంలో 'గ్ం' అన్న అక్షరాన్ని తొలిసారి చూసినవారు అచ్చుతప్పని భ్రమపడతారు. ర, శ, ష, స, హ అక్షరాల ముందు అనుస్వారం ఈ శాఖవారి నోట ఆ రూపం పొందుతుంది. దానిని 'దిద్దుకొని' చదవడమే అసలు తప్పు.

చిన్నతనంలో పుస్తకం చూసి ఒక సూక్తం నేర్చుకొని, ఒక పెద్దాయన ఎదుట గర్వంగా చదివాను. అక్షరాల కింది అడ్డగీత అనుదాత్తమనీ, పైనున్న నిలువుగీత స్వరితమనీ నాకు అప్పటికి తెలియదు, అవి అలంకారాలనుకొన్నాను. ఆయన కోప్పడలేదు. పుస్తకం మూసి పక్కన పెట్టి, మొదటి పాదం మూడు రోజులు చెప్పించారు. పాణినీయ శిక్ష నింద్యులైన పాఠకులను ఆరుగురిని పేర్కొంటూ వ్రాసినది చూసి చదివేవానిని కూడా వారిలో చేర్చిందని తరువాత తెలిసి సిగ్గుపడ్డాను. రాగం తీసేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు ఆ జాబితాలో మిగిలినవారు.

ఇదంతా చదివి సామాన్య భక్తులు భయపడవలసిన పని లేదు. అజ్ఞాని 'విష్ణాయ' అన్నా, పండితుడు 'విష్ణవే' అన్నా భగవంతుడు భావాన్నే గ్రహిస్తాడని పెద్దలు చెప్పిన మాట ఉన్నది. నామస్మరణకు, స్తోత్రానికి, భజనకు అది వర్తిస్తుంది. గుడిలో చేతులు జోడించి మీకు వచ్చినట్లు చదువుకోండి. కాని ఆ మాటను యాగశాలలో కూర్చున్నవారు తమకు అన్వయించుకొనడం సరికాదని నా అభిప్రాయం. మీరు భక్తితో వచ్చారు. వారు బాధ్యతతో కూర్చున్నారు.

ఆ బాధ్యత మోసేవారు తగ్గిపోవడమే నేటి అసలు సమస్య. అగ్రహారాల ఆదరువు సడలింది, పిల్లలు బడులకూ ఉద్యోగాలకూ మరలారు. కోనసీమ ఆహితాగ్నుల కుటుంబాలను ఏండ్ల తరబడి దగ్గరగా చూసిన డేవిడ్ నైప్ అనే అమెరికా ఆచార్యుడు 2015లో వారిపై ఒక గ్రంథం వెలువరించాడు. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవాళి వాచిక వారసత్వంగా ప్రకటించి, 2008లో తన ప్రాతినిధ్య జాబితాలో చేర్చింది. 2006లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర వేదవిశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇవన్నీ సంతోషకరమే. అయినా ఒక బాలుడు సంహిత ముగించి ఘనం వరకు వెళ్ళడానికి పట్టే ఏండ్లను ఏ జాబితా తగ్గించలేదు. ఆ ఏండ్లకు భోజనం, వస్త్రం, గురుదక్షిణ కావాలి. పాలరాతి మీద పేరు చెక్కించే దాతలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. ఒక విద్యార్థి అధ్యయనాన్ని కడదాకా భరించే దాతలు అరుదు. మల్కాపురం శాసనంలో ఈ రెండూ ఒకే పట్టికలో ఉన్నవి.

కుంభాభిషేక దినాలలో వేదపారాయణ వేళ మైకు కింద కాక, పండితులకు చేరువగా కూర్చోండి. మైకు స్వరితాన్ని అరుపుగా, అనుదాత్తాన్ని గొణుగుడుగా మార్చివేస్తుంది. ఘనం చెప్పేటప్పుడు వారు ఎదురెదురుగా కూర్చొని ఒకరి నోరు ఒకరు గమనిస్తూ ఉంటారు. నడుమనున్న ఒక పదాన్ని పట్టుకొని వ్రేళ్ళ మీద లెక్కపెట్టండి. పదమూడు రావాలి.